మొదటి కీమోకి ముందు ఈ మాటల అర్థం సరిచూసుకోండి

క్యాన్సర్ రిపోర్టు, మందుల చీటీ పక్కన పెట్టుకుని చదవండి.

న్యూట్రోపీనియా: ఇన్‌ఫెక్షన్‌తో పోరాడే ఒక రకం తెల్లరక్తకణాలు పడిపోవడం. సాధారణంగా కీమో ఇచ్చిన 7 నుంచి 14 రోజుల మధ్య ఇవి బాగా తగ్గుతాయి. జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి చేరితే అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్ళాల్సిందే. పారాసిటమాల్ వేసి చూద్దాం అనుకోవద్దు. జ్వరం దిగినట్టే ఉంటుంది, లోపల ఇన్‌ఫెక్షన్ గంటల్లో ప్రాణం మీదికి తెస్తుంది. థర్మామీటరు, రాత్రిపూట ఫోన్ చేయాల్సిన నంబరు ఇప్పుడే సిద్ధం చేసుకోండి.

గ్రేడ్ వేరు, స్టేజ్ వేరు. కణాల రూపు ఎంత మారిందో గ్రేడ్ చెబుతుంది, జబ్బు ఎంత దూరం పాకిందో స్టేజ్ చెబుతుంది. గ్రేడ్ 3 చూసి మూడో స్టేజ్ అనుకుని కుంగిపోయేవాళ్ళు చాలామంది.

పాజిటివ్: దేనికి పాజిటివో చూడాలి. రొమ్ము క్యాన్సర్‌లో ఈఆర్ (కణాల్లో ఈస్ట్రోజన్ హార్మోన్‌ని అందుకునే గ్రాహకం) పాజిటివ్ అంటే హార్మోన్ మందులు పనిచేసే అవకాశం ఉంది. మార్జిన్ పాజిటివ్ అంటే కోసి తీసిన ముక్క అంచున క్యాన్సర్ కణాలున్నాయి. మళ్ళీ ఆపరేషనో రేడియేషనో అవసరం కావచ్చు.

నోడ్స్ 0/12: 12 లింఫ్ గ్రంథులు పరీక్షించారు, ఒక్కదానిలోనూ క్యాన్సర్ లేదు.

పాలియేటివ్: ఆశ వదులుకున్నారని కాదు. నొప్పి, వాంతులు తగ్గించే ఈ వైద్యం కీమోతో పాటే మొదలుపెట్టవచ్చు, అడగండి.