పాము ఎదురైతే, కాటు పడితే: భయాన్ని ఎక్కడ ఉంచుకోవాలి

చీకట్లో తాడును చూసి పామనుకొని ఉలిక్కిపడటం మనందరికీ అనుభవమే. దీనికి పూర్తిగా తలకిందులైన సంఘటన మన పల్లెల్లో ప్రతి వానాకాలమూ జరుగుతున్నా, దాని గురించి మాట్లాడుకోవడం తక్కువ. నేల మీద చాప పరచుకొని పడుకున్న మనిషి తెల్లవారుజామున కడుపునొప్పితో లేచి, అజీర్తి అనుకొని కాస్త వాము నమిలి మళ్లీ పడుకుంటాడు. కాసేపటికి కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దముద్దగా వస్తుంది, ఊపిరి అందదు. అతన్ని కరిచిన కట్లపామును అతను చూడనే లేదు. కాటు నొప్పి కూడా తెలియలేదు. తాడును చూసి అంతగా వణికిన శరీరం ఇక్కడ ఒక్కసారైనా హెచ్చరించలేదు. పాముల విషయంలో మన భయం ఇలా చోటు తప్పి నిలబడుతోంది. దాన్ని అక్కడి నుంచి కదిలించి, అవసరమైన చోట ఎలా నిలపాలో చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందుగా ప్రమాదం ఎంతటిదో చెప్పాలి. మన దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటు వల్ల దాదాపు 12 లక్షల మంది, అంటే సగటున ఏటా 58,000 మంది చనిపోయారని 2020లో వెలువడిన ఒక విస్తృత అధ్యయనం లెక్కగట్టింది. ఈ మరణాల్లో సుమారు సగం జూన్ నుంచి సెప్టెంబరు మధ్యనే జరిగాయి. ఎక్కువ మరణాలు నమోదైన రాష్ట్రాల్లో, తెలంగాణతో కలిపి లెక్కించిన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో పాముకాటును నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది. ఆ ‘నిర్లక్ష్యం’ అనే మాట ఎంత సరైనదో కాటు పడిన మనిషిని మోసుకొని ఆసుపత్రుల చుట్టూ తిరిగిన ఏ కుటుంబానికైనా తెలుసు.

ఏ పాముకు భయపడాలి

మన ప్రాంతంలో ఎక్కువ ప్రాణాలు తీసే పాములు నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. వీటిలో జనం బాగా గుర్తుపట్టేది నాగుపామునే, ఎందుకంటే అది పడగ విప్పి, బుసకొట్టి, తాను ఉన్నానని చెబుతుంది. అలా చెప్పడం మనిషిని తొలగిపొమ్మని అడగడమే. పడగ విప్పిన పాము ముందు నుంచి నెమ్మదిగా వెనక్కి జరిగితే, చాలా సందర్భాల్లో అది తన దారిన తాను పోతుంది.

కట్లపాము అలాంటి హెచ్చరికలేవీ చేయదు. నలుపు మీద సన్నని తెల్లని పట్టీలతో నిగనిగలాడే ఈ పాము పగలు మందకొడిగా ఉండి, రాత్రి తిరుగుతుంది. ఎలుకల కోసమో ఇతర పాముల కోసమో ఇంట్లోకి వచ్చి, నేల మీద పడుకున్నవారి పక్కలో చేరుతుంది. నిద్రలో చేయి కదిలితే కరుస్తుంది. దాని కోరలు ఎంత చిన్నవంటే, కాటు గుర్తు కనిపించకపోవచ్చు. వాపు ఉండదు, నొప్పి ఉండదు, అందువల్ల భయమూ పుట్టదు. నేను అన్నిటికన్నా ఎక్కువగా భయపడమని చెప్పేది దీనికే.

రక్తపింజర లావుగా ఉంటుంది. ఒంటి మీద గొలుసు వేసినట్టు గోధుమరంగు మచ్చలు వరుసగా ఉంటాయి. దీని బుస కుక్కరు ఆవిరిలా గట్టిగా వినిపిస్తుంది. అయితే అలికిడికి తప్పుకొని పోకుండా ఉన్నచోటే కదలక పడి ఉండటం దీని అలవాటు కనుక, వరి పనల కింద, గట్ల పక్కన చేయో కాలో దాని మీదే పడుతుంది. దీన్ని కొండచిలువ పిల్ల అనుకొని చేత్తో పట్టుకొని ప్రాణం మీదికి తెచ్చుకున్నవారు ఉన్నారు. చిన్నపింజర మెట్ట నేలల్లో, రాళ్ల మధ్య ఉండే మూరెడు పాము. ఒళ్లు మెలికలు తిప్పి పొలుసులు రాపాడించి రంపం కోత లాంటి చప్పుడు చేస్తుంది. చిన్నదే కదా అని తేలిగ్గా తీసుకోకూడదు.

మరోవైపు, జెర్రిపోతును చూసి ఊరంతా కర్రలు పట్టుకొని పరుగెత్తుతుంది. పసిరిక పాము కళ్లు పొడుస్తుందని చెట్టు కిందికి పోవడం మానేస్తారు. చెరువులో నీరుకట్టె కరిస్తే ఏడుపులు మొదలవుతాయి. జెర్రిపోతుకు, నీరుకట్టెకు విషమే లేదు. పసిరిక పాము విషం మనిషి ప్రాణం తీసేది కాదు. పైగా పొలంలో ఎలుకలను తినే జెర్రిపోతును చంపితే ఎలుకలు పెరుగుతాయి, ఆ ఎలుకల వెంట విషపాములు ఇంటిదాకా వస్తాయి. పాములను చంపడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమన్న సంగతి అటుంచితే, కర్ర పట్టుకొని పాముకు దగ్గరగా వెళ్లడమే కాటుకు ఒక ముఖ్య కారణం.

అలాగని రంగు చూసి పామును గుర్తుపట్టగలమన్న ధీమా కూడా పనికిరాదు. 1957లో షికాగోలో కార్ల్ ష్మిట్ అనే పేరుపొందిన సరీసృప శాస్త్రవేత్తను ఆఫ్రికాకు చెందిన బూమ్‌స్లాంగ్ అనే చెట్టుపాము పిల్ల కరిచింది. అది ప్రాణం తీయగలదని ఆయన అనుకోలేదు. చికిత్స తీసుకోకుండా తన ఒంట్లో కలుగుతున్న మార్పులను శ్రద్ధగా రాసుకుంటూ మరునాడే చనిపోయారు. 2001 సెప్టెంబరులో ఉత్తర మయన్మార్ అడవుల్లో జోసెఫ్ స్లోవిన్‌స్కీ అనే మరో శాస్త్రవేత్త, కట్లపామును పోలిన విషంలేని పాము అనుకున్న దాని కాటుకు గురయ్యారు. అది కట్లపాము జాతిదే. ఊపిరి ఆగిపోయాక తోటివారు గంటల తరబడి నోటితో గాలి ఊదినా, ఆసుపత్రికి చేర్చే దారి లేక ఆయన మరణించారు. జీవితమంతా పాములతో గడిపినవారికే గుర్తింపు తప్పినప్పుడు, ఇంటి ముందు టార్చిలైటు వెలుగులో ఒక్క క్షణం చూసిన మనం అది విషంలేనిదని తేల్చేయడం సాహసమే అవుతుంది. కాటు పడిందంటే, ఏ పామైనా సరే, ఆసుపత్రికి వెళ్లవలసిందే.

ఎదురైనప్పుడు

పాము కనబడగానే ఉన్నచోట ఆగిపోవాలి. పాము సాధారణంగా తన పొడవులో సగానికి మించి ముందుకు దూకి కాటు వేయలేదు కాబట్టి, రెండు మూడు మీటర్ల దూరం ఉంటే మీరు క్షేమంగా ఉన్నట్టే. అక్కడి నుంచి నెమ్మదిగా వెనక్కి జరగాలి. ఇంట్లో దూరితే పిల్లలను, పశువులను బయటికి పంపి, దాని మీద నుంచి చూపు తిప్పకుండా, పాములు పట్టడంలో అనుభవం ఉన్నవారిని గానీ అటవీశాఖను గానీ పిలవాలి. పాము పగబట్టి వెంటాడుతుందన్న నమ్మకం మన కథల్లో బలంగా ఉంది గానీ, పాముకు మనిషిని గుర్తుంచుకొని వెదుక్కుంటూ వచ్చే శక్తి లేదు.

నిజమైన జాగ్రత్త అంతా పాము కనబడక ముందే తీసుకోవాలి. నేల మీద కాక మంచం మీద పడుకోవాలి. మంచం ఉన్నా లేకపోయినా దోమతెర కట్టి, దాని అంచులను పరుపు కిందికో చాప కిందికో గట్టిగా మడవాలి. కట్లపాము కాటును ఆపడానికి ఇంతకన్నా చవకైన సాధనం మరొకటి లేదు. ధాన్యం బస్తాలను, కోళ్లగూటిని పడకకు దూరంగా ఉంచాలి. రాత్రి మోటారు వేయడానికి పొలానికి పోయే రైతు టార్చిలైటు లేకుండా గడప దాటకూడదు. మోకాలి కింది వరకు వచ్చే గమ్‌బూట్లు వేసుకొని, ముందు కర్రతో నేలను తడుతూ నడవాలి. పాము నేల అదురును బాగా పసిగడుతుంది. పిడకలు, కట్టెలు, గడ్డి తీసేటప్పుడు ముందు కర్రతో కదిలించి, తర్వాతే చేయి పెట్టాలి. వెల్లుల్లి రసం, నాఫ్తలీన్ గోళీలు, కార్బాలిక్ ఆమ్లం పాములను రాకుండా ఆపుతాయనడానికి ఆధారం లేదు. ఆ డబ్బుతో టార్చిలైటు కొనుక్కోవడం మేలు.

2018 వానాకాలంలో కృష్ణా జిల్లా దివిసీమలో పాముకాట్లు విపరీతంగా పెరిగినప్పుడు, ఆ ఆగస్టులో మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి ఆలయంలో సర్పశాంతి హోమం జరిపించారు. భయపడిన జనానికి అది ఊరటనిచ్చి ఉంటుంది. ఆ ఊరటను నేను తక్కువ చేయను. అయితే వరినాట్లకు వట్టికాళ్లతో దిగే కూలీకి బూట్లు, దగ్గరి ఆసుపత్రిలో మందు, ఊపిరి నిలిపే యంత్రం అందాయా లేదా అన్న ప్రశ్నను కూడా అంతే గట్టిగా అడగవలసింది.

కాటు పడిన తర్వాత

కాటు పడిన వ్యక్తికి మొదట చెప్పవలసిన మాట నిజమైనదే: కరిచిన పాముల్లో చాలావాటికి విషం ఉండదు, విషపాము కూడా ప్రతిసారీ విషాన్ని ఎక్కించదు, ఎక్కించినా మందు ఉంది. భయంతో గుండె దడదడలాడటం, చెమటలు పట్టడం, కళ్లు తిరగడం విషం వల్లనే అనుకొని మనిషి మరింత బెదిరిపోతాడు. పరుగెత్తకూడదు, నడవకూడదు. పడుకోబెట్టి, కరిచిన కాలికో చేతికో ఎముక విరిగినప్పుడు కట్టినట్టు బద్ద కట్టి కదలకుండా చూడాలి. వాపు వస్తే బిగుసుకుపోతాయి కనుక ఉంగరాలు, గాజులు, మెట్టెలు, వాచీ వెంటనే తీసేయాలి. కాటు పడిన సమయాన్ని గుర్తుపెట్టుకోవాలి.

చేయకూడనివాటి విషయంలో నేను కాస్త గట్టిగానే చెబుతాను. గాయానికి పైన తాడుతో బిగించి కట్టకూడదు. రక్తం ఆడక కాలే పోవచ్చు. ఆసుపత్రిలో ఆ కట్టు విప్పిన క్షణాన విషం ఒక్కసారిగా ఒళ్లంతా పాకవచ్చు. ఇప్పటికే కట్టి ఉంటే దారిలో విప్పకుండా, వైద్యుడి ఎదుటే విప్పించాలి. బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం, మంచుగడ్డ పెట్టడం, కరెంటు షాకు ఇవ్వడం, నల్లరాయి అంటించడం, పసరు తాగించడం ఏదీ పనికిరాదు. రక్తపింజర కాటులో రక్తం గడ్డకట్టదు కనుక, కోసిన గాయం నుంచి ఆగకుండా కారుతుంది. మంత్రగాడి దగ్గర బతికినవారు విషం ఎక్కనివారే. ఆ పేరు విని వచ్చిన మరొకరు అక్కడే విలువైన గంటలు పోగొట్టుకుంటారు.

పామును చంపి తెచ్చే ప్రయత్నంలో రెండో మనిషి కూడా కాటుకు గురవుతాడు. తెగిన పాము తల సైతం కొంతసేపటి వరకు కరవగలదు. మన దేశంలో వాడే యాంటీవీనమ్, అంటే పాము విషానికి విరుగుడు మందు, పైన చెప్పిన నాలుగు పాముల విషాలకూ కలిపి తయారు చేసినది కాబట్టి, మందు మొదలుపెట్టడానికి పాము దొరకనవసరం లేదు. దూరం నుంచి ఫోనులో ఫొటో తీయగలిగితే చాలు.

108కి ఫోన్ చేయాలి. అది రావడం ఆలస్యమయ్యేలా ఉంటే కారు, ఆటో, ఏదీ లేకపోతే మోటారు సైకిల్ మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి తీసుకెళ్లాలి. దారిలో వాంతులైనా, మత్తుగా ఉన్నా ఎడమ పక్కకు ఒత్తిగిలి పడుకోబెట్టాలి. ముందుగానే ఆసుపత్రికి ఫోన్ చేసి యాంటీవీనమ్ ఉందా, ఊపిరి ఆడించే ఏర్పాటు ఉందా అని రెండు ప్రశ్నలూ అడగండి. కట్లపాము విషం నరాల చివరలను దెబ్బతీసిన తర్వాత ఆ నష్టాన్ని మందు వెనక్కి తిప్పలేదు. నరాలు కోలుకునేదాకా రోజుల తరబడి వెంటిలేటర్ మీద ఉంచవలసి రావచ్చు. కళ్లు తెరవలేక, వేలు కదల్చలేక చచ్చిపోయినట్టు కనిపించే అలాంటి రోగికి లోపల స్పృహ ఉండవచ్చు, చుట్టూ మాట్లాడేవన్నీ వినబడవచ్చు. అతని దగ్గర ఆశ వదులుకున్న మాటలు మాట్లాడకండి. ఊపిరి అందించినంతసేపు అతను బతికే ఉంటాడు.

ఆసుపత్రిలో రెండు మిల్లీలీటర్ల రక్తాన్ని పొడిగా, శుభ్రంగా ఉన్న గాజు గొట్టంలో తీసుకొని ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచుతారు. గడ్డకట్టకపోతే పింజర విషం ఎక్కిందని అనుమానించాలి. విష లక్షణాలు కనబడితే సాధారణంగా పది వయల్స్ (చిన్న మందు సీసాలు) వరకు యాంటీవీనమ్ మొదటి మోతాదుగా ఎక్కిస్తారు. కరిచేది పిల్లవాణ్నని పాము తక్కువ విషం ఎక్కించదు కనుక పిల్లలకూ పెద్దలతో సమానంగానే ఇస్తారు. దీనివల్ల దద్దుర్లు, ఊపిరాడకపోవడం వంటి ప్రతిచర్య రావచ్చు. అడ్రినలిన్ ఇంజక్షన్ సిద్ధంగా ఉంచుకుంటే దాన్ని అదుపు చేయవచ్చు. ఈ ప్రతిచర్యకు జంకి, చిన్న ఆసుపత్రుల్లో మందు చేతిలో ఉండి కూడా మొదటి మోతాదు ఇవ్వకుండా పెద్దాసుపత్రికి పంపడం ఇప్పటికీ జరుగుతోంది. వైద్యుడి భయం కూడా భయమే. అయితే దాని వెల రోగి చెల్లిస్తాడు. మొదటి మోతాదు ఇక్కడే మొదలుపెట్టి పంపమని మర్యాదగా, గట్టిగా అడిగే హక్కు మీకుంది.

ఏ లక్షణమూ లేకపోయినా 24 గంటలు ఆసుపత్రిలోనే ఉండాలి. పింజర కాటు పడినవారికి మూత్రం తగ్గినా, ఎర్రగా వచ్చినా వెంటనే చెప్పాలి, ఎందుకంటే మూత్రపిండాలు దెబ్బతినే సూచన అది. ఇంటికి వచ్చిన ఒకటి రెండు వారాల్లో జ్వరం, కీళ్లనొప్పులు, దద్దుర్లు వస్తే, అది మందు తాలూకు ఆలస్యపు ప్రతిచర్య కావచ్చు. మళ్లీ వైద్యుణ్ని కలవాలి. బతికి వచ్చినవారిలో కొందరు నెలల తరబడి పొలం గట్టు ఎక్కలేరు, రాత్రి దీపం ఆర్పనివ్వరు. దాన్ని పిరికితనమని ఇంట్లోవాళ్లు ఎగతాళి చేయకూడదు. మళ్లీ మొదటిసారి పొలానికి వెళ్లే రోజు ఎవరో ఒకరు తోడు వెళ్లి, కర్రతో ముందు తాము నేల తడుతూ నడవాలి.