తక్కువ డబ్బుతో తొలి గేమింగ్ కంప్యూటర్ ఎలా కొనాలి?

దుకాణానికి వెళ్లే ముందు మీరు నిజంగా ఆడబోయే ఆటల పేర్లు కాగితం మీద రాసుకోండి. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 లాంటి తేలికైనవా, సైబర్‌పంక్ 2077 లాంటి బరువైనవా అన్నదాన్ని బట్టి ఖర్చు చాలా మారిపోతుంది. చేతిలో ఉన్న మొత్తంలోంచి మానిటర్, కీబోర్డు, మౌస్, కరెంటు తరచూ పోయే ఊరైతే యూపీఎస్ ఖర్చు ముందే తీసేయండి. మిగిలిందే కేబినెట్ (కంప్యూటర్ పెట్టె) లోపలి సరుకుకు. 2025 చివరి నుంచి ర్యామ్ (కంప్యూటర్ పనిచేసేటప్పుడు వాడుకునే మెమరీ) ధరలు బాగా పెరిగాయి కాబట్టి పాత వీడియోల్లో చెప్పిన ధరలు నమ్ముకుని బయలుదేరకండి.

ఇప్పుడు అసలు నిర్ణయం: గ్రాఫిక్స్ కార్డు (ఆటలోని బొమ్మలను తెర మీదకు తయారు చేసే భాగం) ఇప్పుడే కొనాలా, తర్వాత కొనాలా? డబ్బు బాగా తక్కువైతే తర్వాత కొనడమే మేలని నా గట్టి అభిప్రాయం. ఏఎండీ కంపెనీ రైజెన్ 5 5600జీ లాంటి ప్రాసెసర్‌లోనే (కంప్యూటర్ మెదడు లాంటి చిప్) గ్రాఫిక్స్ ఉంటుంది. సెట్టింగులు తగ్గించుకుంటే వాలరెంట్ లాంటి ఆటలు 1080పీలో (1920×1080 చుక్కల తెర స్పష్టత) హాయిగా నడుస్తాయి. డబ్బు సమకూరాక అదే మదర్‌బోర్డులో (భాగాలన్నీ అమరే ప్రధాన బోర్డు) కార్డు పెట్టుకోవచ్చు, కొన్నదేదీ వృథా కాదు. అయితే 16 జీబీ ర్యామ్‌ను ఒకే స్టిక్కుగా కాకుండా 8 జీబీవి రెండు తీసుకోండి. ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ ఉండదు, ర్యామ్‌నే వాడుకుంటుంది. రెండు స్టిక్కులు కలిసి పనిచేస్తే ర్యామ్ నుంచి సమాచారం వచ్చే వేగం రెట్టింపవుతుంది. ఆ తేడా ఆటలో స్పష్టంగా తెలుస్తుంది.

కార్డు ఇప్పుడే కొనగలిగితే ఇంటెల్ కోర్ ఐ3 12100ఎఫ్ లేదా రైజెన్ 5 5600 ప్రాసెసర్‌కు 8 జీబీ ఆర్ఎక్స్ 6600 కార్డును జత చేయండి. 1080పీకి అది చాలు. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉంటే అందులో గ్రాఫిక్స్ ఉండదని గుర్తుంచుకోండి. కార్డు లేనిదే తెర మీద ఏమీ రాదు.

ఎక్కడ తగ్గించినా ఎస్ఎంపీఎస్ (భాగాలన్నిటికీ కరెంటు అందించే పవర్ సప్లై) దగ్గర మాత్రం తగ్గించకండి. కేబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చేదాన్ని వద్దనండి. పేరున్న కంపెనీది, 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు వృథా తక్కువని చెప్పే) గుర్తింపు ఉన్న 550 వాట్లది తీసుకుంటే రేపు కార్డు పెట్టినా సరిపోతుంది. నాసిరకం ఎస్ఎంపీఎస్ పాడైతే తనతో పాటు మదర్‌బోర్డునూ, కార్డునూ పాడు చేయగలదు. రంగురంగుల లైట్ల కేబినెట్ మాత్రం ఎప్పుడైనా కొనుక్కోవచ్చు.

'ఐ7 గేమింగ్ కంప్యూటర్' అని అతి చవకగా అమ్మేవి కనిపిస్తాయి. ఏ తరం ఐ7 అని అడగండి. 2011 నాటి ఐ7 2600 కన్నా 2022లో వచ్చిన ఐ3 12100 ఎంతో వేగవంతమైనది. పైగా ఇంటెల్‌లో ఎనిమిదో తరానికి ముందువాటిని, ఏ కొన్నిటినో తప్ప, విండోస్ 11 అధికారికంగా అంగీకరించదు. వాడిన కార్డు కొనేటప్పుడు మీ ఎదుటే ఓ బరువైన ఆటను కనీసం అరగంట నడిపించమనండి. జీపీయూ-జడ్ అనే ఉచిత ప్రోగ్రాంతో అసలుదో నకిలీదో చూడండి. పాత బిల్లు, మిగిలిన వారంటీ కూడా అడగండి.

సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట ఒకే జాబితాతో మూడు నాలుగు దుకాణాల్లో కొటేషన్ రాయించుకుని, ఆన్‌లైన్ ధరలతో పోల్చండి. '8 జీబీ గ్రాఫిక్స్ కార్డు' అని రాస్తే ఒప్పుకోకండి, పూర్తి మోడల్ పేరు ఉండాలి. సీరియల్ నంబర్లతో జీఎస్టీ బిల్లు తీసుకోండి. వారంటీ అడగాల్సి వచ్చినప్పుడు ఆ కాగితమే మీకు అండ.

ఇంటికి తెచ్చాక మానిటర్ కేబుల్‌ను మదర్‌బోర్డుకు కాదు, గ్రాఫిక్స్ కార్డు ఉంటే దానికే పెట్టండి. బయోస్‌లో (విండోస్ మొదలవకముందే తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగులు) ఎక్స్ఎంపీ అనే ర్యామ్ వేగం సెట్టింగును ఆన్ చేస్తే ర్యామ్ తన పూర్తి వేగంతో పనిచేస్తుంది. 144 హెర్ట్జ్ (సెకనుకు 144 సార్లు బొమ్మ మార్చే) మానిటర్ కొని ఉంటే విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో ఆ సంఖ్యను మీరే ఎంచుకోండి, లేకపోతే అది 60 దగ్గరే ఉండిపోవచ్చు.