సుప్రభాత సేవ టికెట్: డిప్‌లో పేరు ఎలా వేయాలి, వచ్చిన టికెట్ ఎలా జారిపోతుంది

తెల్లవారకముందే తిరుమల బంగారు వాకిలి ముందు నిలబడి సుప్రభాతం వినాలని అనుకోని ఇల్లు మనలో తక్కువే. రోజూ వంటింట్లో ఫోన్‌లో మోగే ఆ 29 శ్లోకాలనే అక్కడ వేదపండితులు చదువుతారు, అన్నమయ్య వంశీకులు మేలుకొలుపు పాడతారు, స్వామివారి విశ్వరూప దర్శనం అవుతుంది. టికెట్ మనిషికి 120 రూపాయలు. ధర చూసి సులువుగా దొరుకుతుందనుకోకండి. వాకిలి ముందు చోటు ఎంతో ఉండదు, కోరుకునేవాళ్లకు లెక్కే లేదు. అందుకే టీటీడీ దీన్ని ఎలక్ట్రానిక్ డిప్‌లో పెట్టింది. పేర్లన్నీ వేసి కంప్యూటర్‌తో తీయించే లాటరీ అన్నమాట.

ఆన్‌లైన్ టికెట్లు అన్నీ ఒకే రకంగా ఇవ్వరు. ఈ తేడా తెలియక పడే టెన్షనే ఎక్కువ. సుప్రభాతం, తోమాల (220 రూపాయలు), అర్చన (220), మంగళవారం జరిగే అష్టదళ పాద పద్మారాధన (1,250) డిప్ ద్వారా ఇస్తారు. కల్యాణోత్సవం, ఊంజల్ సేవ, సహస్ర దీపాలంకరణ, 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం మాత్రం ముందు వచ్చినవారికి ముందు. ఉదయం 10 గంటలకు కోటా విడుదల కాగానే మెరుపులా పట్టుకోవాల్సింది వీటినే. డిప్‌కు ఆ పరుగు అక్కర్లేదు. నమోదు తెరిచిన తొలి నిమిషంలో పేరు వేసినా, చివరి రాత్రి నింపాదిగా వేసినా అవకాశం ఒకటే. సైట్ మొరాయిస్తే కాఫీ తాగి సాయంత్రం మళ్లీ చూడండి, మీరు పోగొట్టుకునేదేమీ లేదు.

నా మట్టుకు ఈ పద్ధతిలో న్యాయం ఉన్నదే ఇక్కడ. ముందు వచ్చినవారికి అన్న పద్ధతి చూడటానికి సమానంగానే కనిపిస్తుంది. కానీ హైదరాబాద్‌లో ఫైబర్ నెట్ పెట్టుకుని మూడు ఫోన్లతో కూర్చున్న కుర్రాడికీ, పాడేరులో ఒక గీత సిగ్నల్ కోసం మేడ ఎక్కే ఆవిడకీ పది గంటలు ఒకేలా కొట్టవు. డిప్ ఆ వేగాన్ని లెక్కలోంచి తీసేసింది.

తేదీల సంగతి

మామూలుగా ప్రతి నెల 18న ఉదయం 10 గంటలకు నమోదు మొదలవుతుంది, మూడు నెలల తర్వాతి కోటాకు. ఆగస్టులో పేరు వేస్తే నవంబరు సేవలకన్నమాట. 20న ఉదయం 10కి నమోదు ఆగిపోతుంది, ఆ రోజే డిప్ తీస్తారు. పేరు వచ్చినవాళ్లు 22 మధ్యాహ్నం 12 లోపు డబ్బు కట్టాలి. పండుగలను బట్టి ఈ తేదీలు ఒక్కోసారి జరుగుతుంటాయి కాబట్టి 17వ తేదీన టీటీడీ ప్రకటన ఒకసారి చూసుకోవడం మంచిది. బ్రహ్మోత్సవాల రోజుల్లో ఆర్జిత సేవలు, అంటే టికెట్ కొని పాల్గొనే సేవలు, రద్దవుతాయి, ఆ తేదీల కోసం ఎదురుచూడకండి. ధనుర్మాసంలో అయితే సుప్రభాతం బదులు గోదాదేవి తిరుప్పావై వినిపిస్తుంది, రోజుకో పాశురం చొప్పున ముప్పై. డిసెంబరు, జనవరి కోటా కోరుకునేవాళ్లు ఇది తెలిసి ఎంచుకోవాలి. కొందరు పనిగట్టుకుని ఈ రోజులే కోరుకుంటారు.

పేరు వేయడం

టీటీడీ అధికారిక వెబ్‌సైట్‌లో గానీ, టీటీదేవస్థానమ్స్ మొబైల్ యాప్‌లో గానీ ఫోన్ నంబరు, ఓటీపీతో లాగిన్ అవ్వాలి. వెబ్‌సైట్ చిరునామా చివర ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్ అని ఉందో లేదో చూడండి. అచ్చం అలాగే కనిపించే దొంగ సైట్లు చాలా పుట్టాయి. అసలు సైట్‌లో డిప్‌లో పేరు వేయడానికి రూపాయి కూడా అడగరు, డబ్బు కట్టేది పేరు వచ్చాకే. ముందే డబ్బడిగితే అది సైటైనా మనిషైనా మోసమే.

లాగిన్ అయ్యాక ఆర్జిత సేవల డిప్ అన్న చోటికి వెళ్లి ఒక్కరా ఇద్దరా చెప్పాలి. ఇద్దరి పేర్లు కలిపి వేస్తే, వస్తే ఇద్దరికీ వస్తుంది, లేకపోతే ఎవరికీ రాదు. పేరు, వయసు ఆధార్‌లో ఎలా ఉంటే అలాగే నింపండి. ఇంట్లో సుబ్బలక్ష్మి, ఆధార్‌లో వెంకట సుబ్బలక్ష్మి అయితే వెంకట సుబ్బలక్ష్మే రాయాలి. కొండ మీద తనిఖీ చేసేవాళ్లకు మనం ఇంట్లో పిలుచుకునే పేర్లు, ముద్దు పేర్లు తెలియవు. విదేశీ పౌరసత్వం ఉన్నవాళ్లు పాస్‌పోర్టు నంబరు ఇస్తారు.

తర్వాత సేవలు, తేదీలు. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, అమ్మ పుట్టినరోజో పెళ్లిరోజో చూసుకుని ఒకే తేదీ, ఒకే సేవ ఎంచుకోవడం. శుక్రవారం, శనివారం, సెలవు రోజులు అందరూ కోరేవే. నిజంగా వెళ్లగలిగిన తేదీలన్నీ ఎంచుకోండి, మధ్య వారంతో సహా. కేవలం సుప్రభాతమే కావాలన్న పట్టు లేకపోతే తోమాల, అర్చన కూడా కలపండి. అలాగని వెళ్లలేని తేదీలు వేయకండి. కొన్న టికెట్ ఇంకొకరికి బదిలీ కాదు, డబ్బు వెనక్కి రాదు. మీరు వెళ్లకపోతే ఆ చోటు ఖాళీగా ఉండి ఇంకొకరికి దక్కకుండా పోతుంది.

అసలు ప్రమాదం డబ్బు కట్టే దగ్గర

ఇది నా తప్పే కాబట్టి చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. మా పిన్ని పేరు నా ఫోన్ నంబరుతో వేశాను. ఆవిడకు సుప్రభాతం వచ్చింది. ఎస్ఎంఎస్ కూడా వచ్చింది. నేను బంధువుల పెళ్లిలో ఫోన్ జేబులో పెట్టుకుని వడ్డనలో ఉన్నాను. 22న పన్నెండున్నరకి చూశాను. పిన్ని ఒక్క మాట అనలేదు. ‘స్వామి ఇంకా పిలవలేదులేరా’ అంది. పిలుపు వచ్చింది, పలకనిది నేను. అది ఆవిడకు చెప్పడానికి నాకు వారం పట్టింది.

అందుకే 20వ తేదీ మధ్యాహ్నం నుంచి ఎస్ఎంఎస్ కోసం చూస్తూ కూర్చోకుండా, మీరే లాగిన్ అయి ఫలితం చూసుకోండి. పెద్దవాళ్ల కోసం పేరు వేస్తుంటే ఓటీపీ వచ్చే ఫోన్ ఆ మూడు రోజులు ఎవరి చేతిలో ఉంటుందో ముందే అనుకోండి. అమెరికాలో ఉండి అమ్మానాన్నల కోసం చేసేవాళ్లకు ఇంకో చిక్కు. ఇక్కడ 22 మధ్యాహ్నం పన్నెండంటే న్యూయార్క్‌లో 22 అర్ధరాత్రి దాటిన ఒంటిగంటన్నర, వేసవిలో రెండున్నర. అంటే అక్కడి 21 రాత్రి పడుకోబోయే ముందే కట్టేయాలి. పొద్దున లేచి చూద్దామంటే అయిపోయినట్టే.

డిప్ ఎంత న్యాయం?

వేగం తీసేసినంత మాత్రాన అన్నీ సమానం అయిపోలేదు. ఫోన్, ఆధార్, ఓటీపీ మూడూ చేతిలో లేని మనిషి డిప్‌లోకే రాలేడు. ఊళ్లో ఎవరో చదువుకున్న పిల్లవాడి మీద ఆధారపడాలి, ఆ పిల్లవాడి మీదే ఊరంతా ఆధారపడుతుంది. రెండోది, డిప్‌కు జ్ఞాపకం లేదు. మూడేళ్లుగా ప్రతి నెలా వేస్తున్నవారికీ, మొన్ననే మొదలుపెట్టినవారికీ ఈ నెల అవకాశం ఒకటే. నన్నడిగితే వరసగా పన్నెండు సార్లు రానివారికి చీటీ ఒకటి అదనంగా వేస్తే బాగుంటుంది. అయితే అలాంటి ఒక్క సడలింపు మొదలైతే దాని వెనకే వంద సడలింపులు వస్తాయన్నదీ నిజమే.

డిప్ ఎందుకు కావాలో చెప్పాలంటే 2025 జనవరి 8 చాలు. వైకుంఠ ఏకాదశి దర్శనం టోకెన్ల కోసం తిరుపతిలో కౌంటర్ల దగ్గర చేరిన జనంలో తొక్కిసలాట జరిగి ఆరుగురు చనిపోయారు. వైకుంఠ ద్వారం ఒకప్పుడు ఏకాదశి, ద్వాదశి రెండు రోజులే తెరిచేవారు. 2020 డిసెంబరు నుంచి పది రోజులు చేశారు. అయినా మొదటి రోజే వెళ్లాలన్న కోరిక తగ్గలేదు. తొక్కిసలాట తర్వాత వచ్చిన ఏకాదశికి, అంటే 2025 డిసెంబరు 30, 31, 2026 జనవరి 1 తేదీలకు, కౌంటర్లు తీసేసి డిప్ పెట్టారు. ఒక నమోదులో మరో ముగ్గురిని కలుపుకుని నలుగురి దాకా వేసుకోవచ్చన్నారు. సుమారు 24 లక్షల మంది పేర్లు పడ్డాయి, టోకెన్లు రెండు లక్షల లోపే. పన్నెండు, పదమూడు మందిలో ఒక్కరికన్నమాట. రానివాళ్లకు బాధే, కానీ ఆ బాధ ఇంట్లో కూర్చుని పడింది, తోపులాటలో కాదు. మిగిలిన ఏడు రోజులూ టోకెన్ లేకుండా నేరుగా సర్వదర్శనానికి పంపారు. వైకుంఠ ద్వారం డిప్‌కు నెలవారీ 18వ తేదీ లెక్క వర్తించదు. 2025లో నవంబరు చివర్లో నమోదు జరిగింది, కాబట్టి కార్తీకం చివరి నుంచే ప్రకటనల మీద కన్నేసి ఉంచండి.

రాకపోతే

తిరుమలలోనే సీఆర్వో (సెంట్రల్ రిసెప్షన్ ఆఫీసు) దగ్గర మర్నాటి సేవలకు కొద్ది టికెట్లు డిప్‌లో ఇస్తారు. ఆధార్ తీసుకుని మనిషే వెళ్లి పేరు ఇవ్వాలి, సాయంత్రం తీస్తారు. ఎలాగూ కొండ మీద రెండు రోజులు ఉండేవాళ్లకు ఇది బాగుంటుంది. దీని కోసమే బయల్దేరి రావడం మాత్రం నేను చెప్పను. దళారి ‘నాకు లోపల మనిషి ఉన్నాడు’ అంటే నమ్మకండి. పేరు మీది కాని టికెట్‌తో వైకుంఠం క్యూ కాంప్లెక్స్ దాకా వెళ్లి, ఆధార్ చూపలేక వెనక్కి వచ్చినవాళ్ల కథలు బస్సులో ఎవరినడిగినా చెబుతారు.

వచ్చిందా, అయితే టికెట్ ప్రింటు ఒకటి, అసలు ఆధార్ కార్డు ఒకటి దగ్గర పెట్టుకోండి. మగవాళ్లకు పంచె, ఉత్తరీయం గానీ కుర్తా, పైజామా గానీ. ఆడవాళ్లకు చీర, లంగా ఓణీ, లేదా చున్నీతో చుడీదార్. రిపోర్టింగ్ సమయం, చోటు టికెట్ మీదే ఉంటాయి. అది అర్ధరాత్రి దాటాక ఉంటుంది కాబట్టి తేదీ జాగ్రత్తగా చదవండి. 15వ తేదీ సేవ అంటే 14 రాత్రి నిద్ర మానుకుని వెళ్లడమని చాలామందికి కొండ మీదకు వచ్చాకే అర్థమవుతుంది. 14 మధ్యాహ్నానికే పైకి చేరి, కాసేపు నడుం వాల్చి, టికెట్ మీద ఉన్న రిపోర్టింగ్ సమయానికి ముందే లేచేలా అలారం పెట్టుకోండి. డిసెంబరు, జనవరిలో చలి గట్టిగా ఉంటుంది. పెద్దవాళ్లకు శాలువా మరిచిపోకండి, ఫోన్, చెప్పులు గదిలోనే వదిలేయండి.