షావుకారు గొంతుతో ఫోనొస్తే

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టు లెక్కలు నేనే చూస్తాను. కొత్త గుమాస్తాలకు మొదట చెప్పేది ఇదే: గొంతు విని డబ్బు వేయొద్దు. కొద్ది సెకన్ల వాయిస్ మెసేజ్ దొరికినా ఏఐ ఆ మనిషిలాగే మాట్లాడేస్తుంది.

"అర్జెంటు, ఈ కొత్త అకౌంట్‌కు వేయి" అంటే ఫోన్ పెట్టేయండి. కొట్టు పుస్తకంలో ఉన్న పాత నంబరుకు మీరే చేయండి. తిడతారా? తిట్టనివ్వండి. స్క్రీన్ మీద షావుకారు పేరే కనిపించినా సరే, ఫోన్ చేసే నంబరును మార్చి చూపించే మోసాలున్నాయి. ఫోన్‌లో అడగడానికి ఒక గుర్తుమాట షావుకారుతో ఎదురెదురుగా అనుకోండి, వాట్సాప్‌లో రాయొద్దు. మాదేమిటో ఇక్కడ చెప్పను లెండి.

వీడియో కాల్ అయినా అంతే. 2024లో హాంకాంగ్‌లో ఒక ఉద్యోగి నకిలీ వీడియో మీటింగ్ నమ్మి 20 కోట్ల హాంకాంగ్ డాలర్లు పంపేశారు.

డబ్బు వెళ్లిపోతే, షావుకారుకు ఎలా చెప్పాలా అని టెన్షన్ పడుతూ కూర్చోకుండా, యూటీఆర్ నంబరు (బ్యాంకు ఆ చెల్లింపుకు ఇచ్చే గుర్తింపు సంఖ్య) దగ్గర పెట్టుకుని వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.