ఎంబెడెడ్ డేటాబేస్‌తో సర్వర్ నోడ్ లైవ్‌కి వెళ్లే ముందు చూసుకోవాల్సినవి

హెచ్‌టూ, అపాచీ డెర్బీ, ఎస్‌క్యూలైట్, వీటిలో దేన్ని సర్వర్ నోడ్ (అప్లికేషన్ నడిచే సర్వర్ మెషీన్) మీద పెడుతున్నా ముందుగా ఒక విషయం టీమ్‌లో అందరికీ తెలియాలి. ఎంబెడెడ్ మోడ్‌లో డేటాబేస్ కోసం విడిగా సర్వర్ ఏదీ నడవదు, మీ అప్లికేషన్ ప్రాసెస్సే డేటాబేస్. ఆ ప్రాసెస్ ఏ యూజర్ కింద నడుస్తోంది, ఏ ఫోల్డర్‌లోంచి మొదలైంది, ఎలా ఆగింది, ఇవన్నీ నేరుగా మీ డేటా మీద పడతాయి. కింద చెప్పే జాగ్రత్తలన్నీ ఇందులోంచి వచ్చేవే.

మొదట పాత్ చూడండి. కనెక్షన్ యూఆర్ఎల్‌లో చుక్క, స్లాష్‌తో మొదలయ్యే రిలేటివ్ పాత్ ఇస్తే మీ ల్యాప్‌టాప్‌లో బాగానే నడుస్తుంది. అదే అప్లికేషన్‌ని సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసులను నడిపే ప్రోగ్రామ్) సర్వీసుగా పెడితే, వర్కింగ్ డైరెక్టరీ మీరు చెప్పకపోతే అది రూట్ ఫోల్డర్ (/) నుంచి మొదలవుతుంది, అప్పుడు మీరు అనుకున్న చోట ఫైలు ఉండదు. రాయడానికి పర్మిషన్ లేక ఎర్రర్ వస్తే అదృష్టమే, కనీసం విషయం తెలుస్తుంది. పర్మిషన్ ఉంటే హెచ్‌టూ ఎంబెడెడ్ మోడ్‌లో ఆ కొత్త చోట ఖాళీ డేటాబేస్ ఒకటి తయారుచేసుకుని ఏ ఎర్రరూ లేకుండా లేస్తుంది, మీరేమో డేటా అంతా పోయిందని టెన్షన్ పడతారు. అందుకని ఎప్పుడూ పూర్తి పాత్ ఇవ్వండి. మొదటిసారి డేటాబేస్ తయారయ్యాక హెచ్‌టూ యూఆర్ఎల్‌కి ఇఫ్‌ఎగ్జిస్ట్స్=ట్రూ చేర్చండి, డెర్బీ అయితే క్రియేట్=ట్రూ తీసేయండి. ఆ తర్వాత ఫైలు దొరక్కపోతే అప్లికేషన్ లేవకుండా ఆగిపోతుంది. మనకు కావాల్సింది కూడా అదే. డెర్బీలో సిస్టమ్ హోమ్ ప్రాపర్టీ సెట్ చేయడం మర్చిపోవద్దు, లేకపోతే అదీ ప్రస్తుత ఫోల్డర్‌నే తీసుకుంటుంది. డాకర్ లాంటి కంటైనర్‌లో నడుపుతుంటే ఆ పాత్ బయటి వాల్యూమ్ మీద ఉందో లేదో చూసుకోండి, కంటైనర్ లోపలే ఉంటే తర్వాతి డిప్లాయ్‌తో డేటా కూడా పోతుంది.

ఇక లాక్ సంగతి, దీని దగ్గరే చాలామంది ఇరుక్కుంటారు. డెర్బీ డేటాబేస్‌ని ఒకేసారి ఒక్క జేవీఎం (జావా అప్లికేషన్‌ని నడిపే ప్రాసెస్) మాత్రమే తెరవగలదు, రెండోది ప్రయత్నిస్తే ఎక్స్‌ఎస్‌డీబీ6 అనే ఎర్రర్ వస్తుంది. హెచ్‌టూలో కూడా ఫైలు ఇప్పటికే వాడుకలో ఉందని చెబుతుంది. సర్వీసు నడుస్తుండగానే ఎవరో ఒకరు టేబుల్‌లో ఏముందో చూద్దామని డీబీవర్ లాంటి టూల్‌తో అదే ఫైలు తెరవబోతారు, రాదు. అప్పుడు లాక్ ఫైలు డిలీట్ చేస్తే సరిపోతుందని సలహా ఇచ్చేవాళ్లు తప్పకుండా దొరుకుతారు. దయచేసి ఆ పని చేయకండి. రెండు ప్రాసెస్‌లు ఒకరికొకరు తెలియకుండా ఒకే ఫైలులో రాస్తే అది పాడవుతుంది, దాన్ని బాగుచేసే దారి చాలాసార్లు ఉండదు. డెర్బీ అయితే తన డేటాబేస్ ఫోల్డర్లో ఈ ఫైళ్లు ముట్టుకోవద్దని చెప్పే రీడ్‌మీ ఫైలునే పెడుతుంది. ముందు ఆ ఫైలుని ఏ ప్రాసెస్ పట్టుకుందో ఎల్‌ఎస్ఓఎఫ్ కమాండ్‌తో చూడండి, పాత ఇన్‌స్టాన్స్ ఆగకుండా మిగిలిపోయి ఉంటే దాన్ని సరిగ్గా ఆపండి.

బయటి నుంచి కనెక్ట్ అవ్వాల్సిన అవసరం నిజంగా ఉంటే దానికి సరైన దారులే ఉన్నాయి. హెచ్‌టూ యూఆర్ఎల్‌లో ఆటో సర్వర్=ట్రూ పెడితే మొదట తెరిచిన ప్రాసెస్ లోపలే ఒక చిన్న సర్వర్ లేస్తుంది, మిగతావాళ్లు అదే యూఆర్ఎల్‌తో దాని ద్వారా వస్తారు. అయితే ఆ మొదటి ప్రాసెస్ ఆగిపోతే మిగతావాళ్ల పూర్తికాని ట్రాన్సాక్షన్లు రద్దవుతాయి, దాన్ని తట్టుకునే లాజిక్ మీ కోడ్‌లో ఉండాలి. పోర్ట్ కూడా మామూలుగా ఏదో ఒకటి తీసుకుంటుంది కాబట్టి ఫైర్‌వాల్ ఉన్న చోట ఆటో సర్వర్ పోర్ట్ సెట్టింగ్‌తో దాన్ని ఫిక్స్ చేయండి. డెర్బీకి నెట్‌వర్క్ సర్వర్ ఉంది, డిఫాల్ట్ పోర్ట్ 1527, మామూలుగా లోకల్‌హోస్ట్ మీదే వింటుంది. దాన్ని అన్ని అడ్రసులకూ తెరవకండి, ఎందుకంటే డెర్బీలో అథెంటికేషన్ డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటుంది. దూరం నుంచి చూడాలంటే ఎస్ఎస్‌హెచ్ టన్నెల్ (సర్వర్‌కి ఎన్‌క్రిప్ట్ అయిన దారి) వేసుకోండి, ఆ కాస్త శ్రమకు విలువ ఉంది.

హెచ్‌టూ వెబ్ కన్సోల్ విషయంలో నేను అసలు రాజీపడను: లైవ్ నోడ్ మీద అది ఆఫ్‌లో ఉండాల్సిందే. ఆ కన్సోల్ ద్వారా, లాగిన్ అవ్వకుండానే, సర్వర్ మీద బయటివాళ్ల కోడ్ నడిపించగలిగే లోపం ఒకటి 2022 జనవరిలో బయటపడింది (సీవీఈ-2021-42392), 2.0.206 వెర్షన్‌లో సరిచేశారు. మీ పామ్ ఫైలులో (మావెన్ ప్రాజెక్టులో లైబ్రరీల వెర్షన్లు రాసే ఫైలు) అంతకంటే పాత వెర్షన్ ఉందేమో ఇప్పుడే చూడండి. హెచ్‌టూ అడ్మిన్ అయిన ఎస్ఏ యూజర్‌ని ఖాళీ పాస్‌వర్డ్‌తో వదిలేయడం కూడా డెవలప్‌మెంట్‌లోనే ఆగిపోవాలి.

ఎస్‌క్యూలైట్ వాడేవాళ్లకి విడిగా రెండు మాటలు. బిజీ టైమౌట్ (లాక్ ఉంటే ఎంతసేపు ఆగి చూడాలనే సెట్టింగ్) ఎస్‌క్యూలైట్‌లో డిఫాల్ట్‌గా సున్నా, మీ డ్రైవర్ దాన్ని మార్చకపోతే ఒకరు రాస్తుండగా ఇంకొకరు రాయబోతే వెంటనే డేటాబేస్ లాక్ అయిందనే ఎర్రర్ వస్తుంది, 5000 మిల్లీసెకన్లు పెడితే చాలావరకు తగ్గుతుంది. ఫారిన్ కీ చెకింగ్ (టేబుళ్ల మధ్య లింకులు సరిగ్గా ఉన్నాయో చూడటం) కూడా మామూలుగా ఆఫ్‌లోనే ఉంటుంది, ప్రతి కనెక్షన్‌కీ విడిగా ఆన్ చేయాలి కాబట్టి కనెక్షన్ పూల్ కాన్ఫిగరేషన్‌లోనే రాసేయండి. వాల్ మోడ్ (మార్పులను ముందు విడి లాగ్ ఫైలులో రాసే పద్ధతి) నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్ మీద పనిచేయదు. ఆ మాటకొస్తే ఈ మూడింటిలో ఏ డేటాబేస్ ఫైలునైనా లోకల్ డిస్క్ మీదే ఉంచండి.

ఆపే పద్ధతి కూడా కాన్ఫిగరేషన్‌లో భాగమే. డాకర్ స్టాప్ మామూలుగా 10 సెకన్లు ఆగి ప్రాసెస్‌ని బలవంతంగా చంపేస్తుంది, కుబెర్నెటిస్ 30 సెకన్లు ఇస్తుంది. మీ డేటాబేస్ మూసుకోవడానికి ఎంత టైమ్ పడుతోందో కొలిచి, చాలకపోతే పెంచండి. ఒక డెర్బీ డేటాబేస్‌ని షట్‌డౌన్=ట్రూతో మూసినప్పుడు 08006 అనే ఎస్‌క్యూఎల్ స్టేట్‌తో ఎక్సెప్షన్ వస్తుంది, కంగారు పడొద్దు, సరిగ్గా మూసుకుందని దాని అర్థం.

బ్యాకప్ కోసం నడుస్తున్న ఫైలుని కాపీ కొట్టకండి, సగం రాసిన పేజీలు అందులోకి వస్తాయి. హెచ్‌టూకి బ్యాకప్ టూ, స్క్రిప్ట్ టూ కమాండ్లున్నాయి, డెర్బీకి బ్యాకప్ ప్రొసీజర్ ఉంది, ఎస్‌క్యూలైట్‌కి డాట్ బ్యాకప్ లేదా వాక్యూమ్ ఇంటూ. తీసిన బ్యాకప్‌ని వేరే మెషీన్‌లో తెరిచి, ముఖ్యమైన టేబుళ్లలో వరుసల లెక్క సరిపోయిందో చూశాకే దాన్ని బ్యాకప్ అనండి. వెర్షన్ మార్చే ముందు ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే హెచ్‌టూ 1.4 ఫైలు 2.0లో నేరుగా తెరుచుకోదు, పాత జార్‌తో స్క్రిప్ట్ తీసి కొత్తదానిలో నడపాలి. డెర్బీలో అప్‌గ్రేడ్=ట్రూ ఇస్తే మళ్లీ పాత వెర్షన్‌కి వెళ్లలేరు.

ముందుముందు లోడ్ బ్యాలెన్సర్ (రిక్వెస్టులను నోడ్లకు పంచేది) వెనక రెండో నోడ్ పెట్టే ఆలోచన ఉంటే ఆ సంగతి ఇప్పుడే తేల్చుకోండి. ప్రతి నోడ్‌కీ సొంత ఫైలు ఉంటుంది, ఒకదానిలో పడిన ఆర్డర్ ఇంకోదానిలో కనిపించదు. అది క్యాష్ లాంటి డేటా అయితే పర్లేదు, యూజర్ల డేటా అయితే మాత్రం రెండో నోడ్ కంటే ముందే పోస్ట్‌గ్రెస్ లాంటి విడి సర్వర్‌కి మారిపోండి.