ధ్యాస ప్రమాదం దగ్గరే చిక్కుకుంటే: లక్షణం, కారణం, పరిష్కారం

టెన్షన్ పడే మనిషికి అందరూ ఇచ్చే సలహా ఒకటుంది: "దాని గురించి ఆలోచించకు." అది పనిచేయదు. ఒక విషయాన్ని తలచుకోకూడదని పట్టుబట్టినా అది మళ్లీ మళ్లీ గుర్తొస్తుందని మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ వెగ్నర్ బృందం 1987లోనే ప్రయోగం చేసి చూపింది. అందుకే ఆలోచనను ఆపే చిట్కాలు ఇక్కడ ఇవ్వడం లేదు. ధ్యాస ఎక్కడ చిక్కుకుందో చూసి, అక్కడి నుంచి విడిపించుకుందాం.

లక్షణం: పది మంచి మాటల మధ్య ఒక్క విమర్శే వినిపిస్తుంది

గదిలో అందరూ మామూలుగానే ఉంటారు, మీ కళ్లు మాత్రం ముఖం ముడుచుకున్న ఒక్కరి మీదే ఆగుతాయి. "రేపు మాట్లాడాలి" అని పై అధికారి మెసేజ్ పెడితే ఇక ఆ రోజు పని సాగదు.

కారణం: కణతల లోపలి వైపు, బాదంగింజ ఆకారంలో అమిగ్డలా అనే భాగం ఉంటుంది. ప్రమాదాన్ని పసిగట్టే వ్యవస్థలో ఇది ముఖ్యమైనది. శబ్దం తాలూకు సమాచారం కార్టెక్స్‌లో (మెదడు పై పొరలో) పూర్తి విశ్లేషణ జరగకముందే, ఇంద్రియాల సమాచారాన్ని మెదడులో ముందుకు పంపే థాలమస్ నుంచి నేరుగా కూడా అమిగ్డలాకు చేరుతుందని నాడీ శాస్త్రవేత్త జోసెఫ్ లెడూ ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో తేలింది. తాడును చూసి పామని ఉలిక్కిపడతాం కదా, తాడేనని తెలిసేది ఆ తర్వాతే. తప్పుగా ఉలిక్కిపడితే పోయేదేమీ లేదు, నిజం పామును తాడనుకుంటేనే ప్రాణం మీదికొస్తుంది. కాబట్టి మీ మెదడు చెడిపోలేదు. దాని పని అది చేస్తోంది, కాకపోతే అతిగా చేస్తోంది.

ధ్యాస ఇలా ప్రమాదం వైపే పోవడాన్ని 1986లో కోలిన్ మాక్లియడ్, ఆండ్రూ మాథ్యూస్, ఫిలిప్ టాటా అనే పరిశోధకులు కొలిచారు. తెర మీద రెండు మాటలు అరసెకను పాటు కనిపిస్తాయి. ఒకటి భయపెట్టేది, ఒకటి మామూలుది. అవి మాయమయ్యాక ఒకదాని చోట చుక్క వస్తుంది, అది కనపడగానే బటన్ నొక్కాలి. భయపెట్టే మాట ఉన్నచోట చుక్క వస్తే ఆందోళన రోగులు త్వరగా నొక్కారు. వాళ్ల ధ్యాస అప్పటికే అక్కడుందన్నమాట. ఆందోళన ఎక్కువున్నవారికి ప్రమాదం మీద నుంచి ధ్యాసను తీసుకోవడమే కష్టమవుతోందని 2001లో ఎలైన్ ఫాక్స్ బృందం చూపింది. ఈ మొత్తంలో నాకు అన్నిటికంటే పనికొచ్చేదిగా తోచింది ఇదే. ధ్యాస పట్టుకోవడం క్షణంలో, మన ప్రమేయం లేకుండా జరిగిపోతుంది. విడిపించుకోవడం మాత్రం నేర్చుకోవచ్చు.

ఏం చేయాలి: మొదటి ఉలికిపాటుతో పోట్లాడకండి. దానికి పేరు పెట్టండి: "ఆ మెసేజ్ చూసి భయమేసింది." భావానికి మాటల్లో పేరు పెట్టినప్పుడు అమిగ్డలా స్పందన తగ్గిందని మాథ్యూ లీబర్‌మన్ బృందం 2007లో చూపింది. తర్వాత కాగితం మీద రెండు వరుసలు రాయండి. కనిపించింది: "రేపు మాట్లాడాలి." నేను చేర్చుకున్నది: "ఉద్యోగం పోతుంది." ఆపైన కళ్లూ చేతులూ రెండూ అవసరమయ్యే పని ఏదైనా మొదలుపెట్టండి. భయం పోయాక చేద్దామని ఆగకండి, భయం పక్కనే ఉండనివ్వండి. ధ్యాస ఇరవైసార్లు అటు వెళితే ఇరవైసార్లూ తిరిగి తెచ్చుకోవడమే సాధన.

లక్షణం: గుండె దడ మీదే ధ్యాస

భయపడితే గుండె వేగం పెరుగుతుంది. ఆ వేగాన్నే గమనిస్తూ కూర్చుంటే అది ఇంకా పెద్దగా వినిపించి, కొత్త భయం పుడుతుంది. ముందు డాక్టరుకు చూపించుకోండి. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా, కాఫీ మోతాదు మించినా ఇలాంటి దడే వస్తుంది. ఛాతీలో నొప్పి, ఊపిరాడకపోవడం ఉంటే ఇది ఆందోళనేలే అని సరిపెట్టుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. గుండెలో లోపమేమీ లేదని తేలాక మాత్రం, నాడి పట్టుకు చూసుకోవడం మానేసి ధ్యాసను బయటి శబ్దాల మీదికి, ఎదుటివారి మాటల మీదికి మళ్లించండి.

లక్షణం: మళ్లీ మళ్లీ సరిచూసుకోవడం

తాళం వేశానా, మెయిల్‌లో తప్పు రాశానా, రిప్లై వచ్చిందా? చూసుకున్న ప్రతిసారీ కాస్త హాయిగా ఉంటుంది. ఇబ్బందంతా ఆ హాయిలోనే ఉంది. "చూసుకున్నాను కాబట్టే గండం గడిచింది" అని మెదడు పాఠం నేర్చుకుంటుంది. చూసుకోకపోయినా ఏమీ కాదని నేర్చుకునే అవకాశం దానికి దొరకదు.

చూసుకోవాలని అనిపించగానే, ఏం జరుగుతుందని భయపడుతున్నారో ఒక్క వాక్యంలో రాసి 10 నిమిషాలు ఆగండి. తర్వాత నిజంగా ఏం జరిగిందో దాని పక్కనే రాయండి. వారం వారం ఆ వ్యవధి పెంచండి. మొదటి రోజుల్లో ఒళ్లంతా చిరాగ్గా ఉంటుంది. దాన్ని ఓర్చుకోవడం కష్టమే.

లక్షణం: రాత్రి అయితే అన్నీ భయంకరంగా తోస్తాయి

నిద్ర లేని మెదడు బ్రేకులు సరిగా పడని బండి లాంటిది. సుమారు 35 గంటలు మేలుకున్నవారికి బాధ కలిగించే చిత్రాలు చూపితే, నిద్రపోయినవారితో పోలిస్తే అమిగ్డలా స్పందన 60 శాతానికి పైగా ఎక్కువగా ఉందని 2007లో మాథ్యూ వాకర్ బృందం గుర్తించింది. అమిగ్డలాను అదుపు చేసే, నుదుటి వెనకుండే ప్రీఫ్రంటల్ భాగంతో దాని సంబంధం కూడా బలహీనపడింది. అందుకని రాత్రి తోచినదాన్ని రాత్రే తేల్చకండి. సాయంత్రం అరగంట చింతలకే కేటాయించి, మిగతా వేళల్లో వచ్చినవాటిని కాగితం మీద రాసి ఆ అరగంటకు వాయిదా వేయండి.

ఇవన్నీ చేసినా ఆందోళన పనికీ నిద్రకూ వారాల తరబడి అడ్డుపడుతుంటే సైకాలజిస్టునో సైకియాట్రిస్టునో కలవండి. నెలల తరబడి ఆగక్కర్లేదు. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ (ఆలోచనల తీరునూ అలవాట్లనూ మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స) ఈ చిక్కు కోసం బాగా పరీక్షించిన చికిత్స. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వస్తే, ఈ పేజీ పక్కన పెట్టి ఇప్పుడే ఒక మనిషికి చెప్పండి.