గేమ్ కొన్నాక ఇంకో అకౌంట్ అడిగితే ఏం చేయాలి

పీసీలో గేమ్ కొనే ముందు ట్రైలర్ కన్నా ముందుగా చూడాల్సింది స్టోర్ పేజీలో కుడివైపు ఉండే చిన్న పెట్టె. పీసీ గేములు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో ఈ గేమ్‌కి వేరే కంపెనీ అకౌంట్ కావాలి అన్న విషయం అక్కడే రాస్తారు. ఈఏ అయినా, యూబీసాఫ్ట్ అయినా, రాక్‌స్టార్ అయినా అంతే. డిస్కౌంట్ చూసిన ఊపులో ఎవరూ అటు చూడరు, తర్వాత ఆడబోతుంటే లాగిన్ తెర అడ్డం వచ్చినప్పుడు తిట్టుకుంటారు.

పేజీలో రాసి ఉన్నంత మాత్రాన గొడవ ఉండదని కూడా కాదు. సోనీ విడుదల చేసిన హెల్‌డైవర్స్ 2 గేమ్ సంగతే చూడండి. 2024 ఫిబ్రవరిలో వచ్చింది, పీఎస్ఎన్ (సోనీవాళ్ల ప్లేస్టేషన్ నెట్‌వర్క్) అకౌంట్ కావాలని పేజీలో ఉంది, కానీ మొదట్లో ఆ స్టెప్ దాటేసి ఆడుకోనిచ్చారు. జనం హాయిగా ఆడుకుంటుంటే మే 3న సోనీ వచ్చి ఇక లింక్ చేయాల్సిందే అంది. అసలు పీఎస్ఎన్ సేవే లేని దేశాలవాళ్లు ఏం చేయాలి? 170కి పైగా దేశాల్లో, ప్రాంతాల్లో స్టీమ్‌లో గేమ్ అమ్మకమే ఆగిపోయింది, రెండు లక్షలకు పైగా నెగటివ్ రివ్యూలు పడ్డాయి, మూడు రోజులు తిరక్కుండానే సోనీ వెనక్కి తగ్గింది. ఇండియాలో పీఎస్ఎన్ ఉంది కాబట్టి మనవాళ్లకి దారి మూసుకుపోలేదు గానీ చికాకు మాత్రం అదే.

సరే, కొనేశారు. ఇప్పుడు రెండు గంటలు మీ చేతిలో ఉన్నాయి. కొన్న 14 రోజుల లోపు, ఆడింది రెండు గంటల లోపు ఉంటే స్టీమ్ రీఫండ్ ఇస్తుంది. ఇందులో ఒక మెలిక ఉంది: ప్లే నొక్కాక గేమ్ కన్నా ముందు తెరుచుకునే ఆ కంపెనీ సొంత యాప్, అంటే లాంచర్‌లో ఓటీపీ కోసం ఎదురుచూస్తూ కూర్చున్నా, స్టీమ్ లెక్కలో గేమ్ నడుస్తున్నట్టే. కాబట్టి లాగిన్ పని కాకపోతే లాంచర్‌ని పూర్తిగా మూసేసి, తర్వాత తీరిగ్గా చూడండి. లాగిన్ అయ్యాక ఒకసారి వైఫై ఆపేసి, స్టీమ్‌ని ఆఫ్‌లైన్ మోడ్‌లో పెట్టి గేమ్ తెరవండి. ఒక్కరే ఆడుకునే కథ గేమ్ కూడా నెట్ లేకపోతే కదలనంటే, మీకు అది పడదనుకుంటే, రీఫండ్ అడగాల్సింది అప్పుడే, వారం తర్వాత కరెంటు పోయి నెట్ పోయినప్పుడు కాదు. ఇంట్లో తమ్ముడికి స్టీమ్ ఫ్యామిలీలో షేర్ చేద్దామనుకుని కొంటుంటే ఇంకో మాట, వేరే అకౌంట్ అడిగే గేములు చాలావరకు అలా షేర్ కావు.

అకౌంట్ తెరవక తప్పదంటే మీ బ్యాంకు, ఆఫీసు పనులకు వాడే మెయిల్ ఇవ్వకండి. గేముల కోసం ఒక మెయిల్ విడిగా పెట్టుకోండి, లేదా జీమెయిల్‌లో మీ పేరు తర్వాత ప్లస్ గుర్తు పెట్టి కంపెనీ పేరు చేర్చండి, రేపు ఆ చిరునామాకి చెత్త మెయిల్స్ వస్తే ఎవరి దగ్గర నుంచి లీకైందో ఇట్టే తెలిసిపోతుంది. ఇదేమీ అతి జాగ్రత్త కాదు: 2011లో పీఎస్ఎన్ హ్యాకైనప్పుడు సుమారు 7.7 కోట్ల అకౌంట్ల వివరాలు ప్రమాదంలో పడ్డాయి. పాస్‌వర్డ్ వేరేది పెట్టాలి, టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేయాలి, అప్పుడిచ్చే బ్యాకప్ కోడ్లు కాగితం మీద రాసుకోవాలి. ఫోన్ మార్చినప్పుడు అందరూ ఇరుక్కునేది ఆ కోడ్ల దగ్గరే.

దేశం దగ్గర మాత్రం ఒకటికి రెండుసార్లు చూసి నొక్కండి. పీఎస్ఎన్‌లో ఒకసారి పెట్టిన దేశం తర్వాత మార్చుకోవడం కుదరదు. అమెరికాలో చదువుకుని తిరిగొచ్చినవాళ్లు అక్కడి అకౌంట్‌లోనే ఉండిపోయి, ఇక్కడి కార్డు పనిచేయక తలపట్టుకుంటారు. పుట్టినరోజు కూడా నిజమే ఇవ్వండి, ఎందుకంటే పాస్‌వర్డ్ మర్చిపోతే సపోర్ట్‌వాళ్లు అదే అడగొచ్చు, తోచింది కొట్టేసిన తేదీ ఎవరికి గుర్తుంటుంది?

ఆడేటప్పుడు అకౌంట్ అడగని గేములే కావాలనుకుంటే జీఓజీ స్టోర్ ఉంది, ఇన్‌స్టాలర్ దించుకుని హార్డ్ డిస్క్‌లో దాచుకోవచ్చు. లేదంటే కాస్త ఆగండి. గాడ్ ఆఫ్ వార్ రాగ్నరాక్ 2024 సెప్టెంబర్‌లో పీసీకి వచ్చినప్పుడు పీఎస్ఎన్ తప్పనిసరి, 2025 జనవరిలో దాన్ని ఐచ్ఛికం చేస్తున్నట్టు సోనీయే ప్రకటించింది. 1993 నాటి డూమ్‌ని 2019లో మళ్లీ విడుదల చేసి దానికి కూడా లాగిన్ పెట్టిన ఘనులు ఉన్నారు, జనం నవ్వాక తీసేశారనుకోండి.

గేమ్ మీద విసుగొచ్చి వదిలేస్తుంటే కోపంలో అకౌంట్ డిలీట్ కొట్టకండి. దాంతో ముడిపడిన గేములు, సేవ్‌లు పోవచ్చు. ముందు సెట్టింగ్స్‌లో ఏమేం లింకై ఉన్నాయో చూడండి, కార్డు వివరాలు, ప్రమోషన్ మెయిల్స్ తీసేయండి. అన్‌లింక్ చేశాక అదే స్టీమ్ ఐడీని మళ్లీ లింక్ చేయనిస్తారా లేదా అని సపోర్ట్‌ని మెయిల్‌లో అడిగి, జవాబు రాతపూర్వకంగా వచ్చాకే ఆ బటన్ నొక్కండి.